తుమ్ముల పడవ

గుంటూరు,
12 జూలై 1999.

గౌరవనీయులైన వదిన ఖాదర్‌బీ గారికి, మరిది మీరా హుస్సేన్ సలాములు.

మేము కులాసా. మీ తోటికోడలు మౌలాబీ మోకాళ్ల నొప్పులు కూడా కులాసాగానే ఉన్నాయి.

ముఖ్యమైన సంగతి రాస్తున్నాను. సోషల్ మాస్టారుగా రిటైరయ్యాక నేను ఖాళీగా కూర్చోలేదు. ఇక్కడి పెద్దలం కొందరం కలిసి 'కాలువ పడవల పరిరక్షణ సమితి' పెట్టాం. మిర్చి ఎగుమతిదారు అంకమ్మరావు గారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని. లారీలు రాకముందు మన మిరపకాయలు, పొగాకు కొమ్మమూరు కాలువలోనూ, అక్కణ్ణుంచి బకింగ్‌హాం కాలువలోనూ తెరచాప పడవల మీద మద్రాసు దాకా వెళ్లేవని నేటి పిల్లలకు తెలియదు. తెలియజెప్పే బాధ్యత మాది.

పడవ కోసం చుట్టుపక్కల రెండు జిల్లాలూ గాలించాం. కొన్ని పొయ్యిల్లోకి పోయాయి. కొన్ని గొడ్ల సావిళ్లకు తలుపులయ్యాయి. పూర్తిగా మిగిలింది ఒక్కటే, మా అన్న రంజాన్ సరంగుగా నడిపిన మన పడవ. ప్రస్తుతం మీరు దాని కింద తాత్కాలికంగా నివసిస్తున్నారు. దాన్ని మాకు అప్పగిస్తే, పెద్ద రోడ్డు పక్కన అంకమ్మరావు గారి తోటలో పదిమందికీ కనబడేలా నిలబెడతాం. మీకు ప్రభుత్వ పథకంలో శ్లాబు ఇల్లు ఇప్పించే పూచీ సమితిది, అంటే నాది.

పడవ చరిత్ర తెలిసినంత రాసి పంపగలరు, సమితి తరఫున వేసే ప్రత్యేక సంచిక పుస్తకంలో అచ్చువేస్తాం. స్వాతంత్ర్య సమరంతో సంబంధం ఉంటే ముందుగా అది రాయండి.

ఇట్లు,
మీరా హుస్సేన్
(కార్యదర్శి)


ఉప్పులాకు, వేటపాలెం దగ్గర,
ఆగస్టు 3.

హుస్సేనుకి వదిన దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ గుమ్మంలో పడవ అంచుకి నుదురు కొట్టుకుని మరీ ఇచ్చి వెళ్లాడు. మా ఇంట్లోకి వంగి రావాలని కొత్తవాళ్లకి తెలియదు. మీ అన్న పోయినప్పుడు నువ్వూ కొట్టుకున్నావు. ఆ రోజు నువ్వు ఏడ్చింది అన్న కోసమో నుదురు కోసమో నాకింకా అనుమానంగానే ఉంది.

మొన్నటిదాకా 'వదినా, నువ్వు' అనేవాడివి. కార్యదర్శివి కాగానే 'మీరు' వచ్చింది. అధ్యక్షుడివైతే 'తమరు' అంటావేమో, ఆ ముచ్చట చూసేదాకా పోను.

తాత్కాలికంగా నివసిస్తున్నానా? ఉప్పెన వచ్చిన ఏడు గాలికి మా ఇల్లు ఎగిరిపోయింది, పడవేమో గట్టెక్కి బోర్లా పడింది. ఇల్లు లేదు, పడవ పనికి రాదు, రెంటినీ కలిపేస్తే సరి అన్నాడు మీ అన్న. నడుమెత్తు గోడలు పెట్టి, ఊరి మగాళ్లందరి చేతా పడవని వాటిమీదికి ఎత్తించాడు. ఇరవై రెండేళ్లు అయింది. ఈ ఇంట్లోనే నేను ముసలిదాన్నయ్యాను, ఈ ఇంట్లోనే ఆయన పోయాడు.

ఇక చరిత్ర. స్వాతంత్ర్య సమరానికీ మన పడవకీ పరిచయం లేదు. దాని పరిచయమంతా మిరపకాయలతోనే. మనం బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆగి, కూర్చుని, మంచినీళ్లు తాగి లేస్తాం కదా. మిరపకాయల పడవ మీద అలా కూర్చుంటే మద్రాసు సంగతి దేవుడెరుగు, చినగంజాం కూడా చేరరు. అందుకని మీ తాత శాస్త్రం తిరగేశాడట. ఎవరో ఒకరు తుమ్మితేగానీ లంగరు ఎత్తకూడదు. తుమ్ము రాకపోతే ఒకడి మొహం బస్తాలో పెట్టించేవాళ్లు. కాలువ పొడుగునా దీన్ని తుమ్ముల పడవ అనేవాళ్లు. వేరే పేరు ఉందని నేనెరగను.

నేను ఎక్కింది మాత్రం ఒకేసారి, కాపురానికొచ్చిన కొత్తలో. పెదగంజాం దాకా తుమ్ములు, ఆపైన వాంతులు. కాబట్టి 'పడవను ప్రాణంగా ప్రేమించిన ఇల్లాలు' అని నీ పుస్తకంలో రాశావంటే ఊరుకోను.

శ్లాబు ఇల్లు మంచిదే. అయితే పడవ వెళ్లిన రోజుకీ శ్లాబు పడే రోజుకీ మధ్య నేను ఎక్కడ పడుకుంటానో మీ సమితిలో ఎవరికైనా తోచిందా?

ఖాదర్‌బీ


గుంటూరు,
20 అక్టోబరు 1999.

వదిన గారికి,

మీ ఉత్తరం సమితి సమావేశంలో చదివి వినిపించాను. కొన్ని వాక్యాలు వదిలేశాను. సభ్యులు హర్షించారు.

చరిత్ర విషయంలో చిన్న సవరణలు అవసరమయ్యాయి. ప్రత్యేక సంచికకు తుమ్ములు శోభించవని అంకమ్మరావు గారి అభిప్రాయం. అందుచేత 'ప్రయాణారంభంలో నావికులు ఒక సంప్రదాయ ధ్వని చేసేవారు' అని మార్చాను. వారి తాతగారి సరుకు కూడా మన పడవలోనే వెళ్లేదట. కాబట్టి వారి తాతగారి ఫొటో ముందు పేజీలో వస్తుంది. మా తాత ఫొటో మన దగ్గర లేదు కదా.

మీ మధ్యకాలపు వసతి గురించి అడిగారు. సముచితమైన ప్రశ్న. తదుపరి సమావేశం చర్చాంశాల్లో చేర్చాను.

ఇంటి కబుర్లు పెద్దగా లేవు. పై వాటాలో ఉన్న బ్యాంకు ఆయనకు కనిగిరి బదిలీ అయింది, ఖాళీ చేశాడు. రెండు గదులు, వంటగది, గాలీ వెలుతురూ బాగా వస్తాయి. వెల్ల వేయిస్తున్నాను. ఎవరికి ఇవ్వాలో ఇంకా ఆలోచించలేదు.

మీ మరిది
మీరా హుస్సేన్


ఉప్పులాకు,
ఫిబ్రవరి 9, 2000.

హుస్సేనూ,

మీ సమితి రెండు కార్లలో వచ్చి చూసి వెళ్లింది. నువ్వు జ్వరమని రాలేదు. తెలివైనవాడివి.

అంకమ్మరావు గారు వంగకుండా లోపలికొచ్చారు. పెద్దమనుషులు వంగరు కదా. నుదుటికి పసుపు నేనే అద్దాను. నొప్పి తగ్గాక నన్ను పరామర్శించారు.

"ఏమ్మా, పడవలో కాపురం కష్టంగా లేదూ?"

"పడవలో లేనండి, పడవ కింద ఉన్నాను."

"రెండూ ఒకటేగా?"

"పడవలో ఉన్నవాళ్లకి నీళ్లు కిందనుంచి వస్తాయండి. నాకు పైనుంచి వస్తాయి."

ఆయన నవ్వి పక్కాయనతో, "ఈ మాట సంచికలో వెయ్యండి, నేను అన్నట్టుగా" అన్నారు.

కొలతలు తీశారు. తెరచాప ఏదని అడిగారు. వంటకీ పడకకీ మధ్య అడ్డంగా కట్టిన గుడ్డే తెరచాప అని చూపించాను. ఇద్దరు దానికి దణ్ణం పెట్టారు. దాని మీద నా చీర ఆరేసి ఉంది, దానికీ కలిపి పెట్టేశారు.

సరే, ఇస్తాను. మీ ఉపన్యాసాలకు కరిగి కాదు. కలప కొనేవాడు ఒకడు రెండుసార్లు వచ్చి చెక్క గోకి చూసిపోయాడు. ఏటా వానలకు ముందు పలకల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూయాలి. మా పుట్టింటివాళ్లు దూది ఏకేవాళ్లు గనక పత్తి పురిపెట్టడం నాకు చేతనవును. పైకెక్కడానికే మోకాళ్లు సాయం రావడం లేదు. నేను పోయిన మర్నాడు ఇది పొయ్యిల్లోకి పోతుంది. ఆ మాట తలచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. మీ అన్న చేతులు తడమని పలక ఇందులో ఒక్కటీ లేదు.

పోయేముందు ఆయన 'పడవని గట్టు దాటనివ్వకు' అన్నాడు. ఎందుకో చెప్పబోతే దగ్గు అడ్డొచ్చింది. పడవ మీద అంత మమకారం కాబోలు. బోర్డు మీద ఆయన పేరు రాయించు. ఆ మమకారానికి అది చాలు.

ఖాదర్‌బీ


గుంటూరు,
18 జూన్ 2000.

వదిన గారికి,

పడవ క్షేమంగా చేరింది. క్రేను డ్రైవరు మాత్రం దారంతా తుమ్ముతూనే ఉన్నాడు. పలకల సందుల్లో పాత మిరప గింజలు ఇంకా ఉన్నాయట.

సిమెంటు దిమ్మె కట్టి దానిమీద నిటారుగా నిలిపాం. ఎండకూ వానకూ చెడకుండా రేకులతో పెద్ద కప్పు వేయించాం. ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. కప్పు వేశాక తెరచాప కొయ్య పట్టలేదు. కప్పు ఎత్తు పెంచాలంటే మళ్లీ స్తంభాలు పోయాలి. అందుచేత సమితి ఏకగ్రీవంగా తీర్మానించి కొయ్యను పై నుంచి కొంత కోయించింది. కాలువ వంతెనల కింద ఆ కొయ్యను వంచి దాటించేవారు కదా, కాబట్టి పొట్టిగా ఉన్నా చరిత్రకు భంగం లేదని నేను సర్దిచెప్పాను.

గడలు, చుక్కాని, లంగరు, లాంతర్లు తోటలో ఉంచితే దొంగలు ఎత్తుకుపోతారని నా స్వంత పూచీ మీద మా పై వాటాలో భద్రపరిచాను. వెల్ల వేసిన గదులే కనుక చెదల భయం లేదు. అద్దెకు అడిగినవాళ్లను కూడా వెనక్కి పంపేశాను. చరిత్ర కోసం ఈ మాత్రం త్యాగం చేయకపోతే ఎలా?

మీ శ్లాబు ఇంటి దరఖాస్తు పరిశీలనలో ఉంది. ఈలోగా సమితి తరఫున ఒక కొత్త టార్పాలిన్ పంపాను. అందే ఉంటుంది.

మీరా హుస్సేన్


ఉప్పులాకు,
సెప్టెంబరు 4, 2000.

హుస్సేనూ,

ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. ముసురు పట్టి నాలుగు రోజులైంది, మర్యాద తడిసిపోయింది. నీ టార్పాలిన్ నీలం రంగుది, చూడ్డానికి చాలా బాగుంది. గాలి వచ్చినప్పుడల్లా కాలువలోకి వెళ్లి స్నానం చేసి వస్తోంది.

నిన్న కాలువల ఆఫీసు నుంచి ఒకతను వచ్చాడు. కుర్రవాడే, మర్యాద తెలిసినవాడే.

"ఇదేంటమ్మా, కాలువ గట్టు మీద ఇల్లు కట్టావు?"

"ఇరవై ఏళ్ల పైనుంచి ఇక్కడే ఉన్నాను బాబూ."

"ఇరవై ఏళ్ల పైనుంచి ఇక్కడ పడవ ఉందమ్మా. ఇల్లు లేదు."

పాపం, అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మీ అన్న ఏటా లాకు దగ్గరికి వెళ్లి పడవ పన్ను కట్టేవాడు. ఆయన పోయాక నేను కట్టాను. బోర్లా పడ్డ పడవకి పన్నేమిటని ఊరంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. పన్ను కట్టిన పడవ గట్టున ఉండవచ్చు, పడవ మనిషి దాన్ని కనిపెట్టుకుని ఉండవచ్చు. పడవ పోయిందంటే అది ప్రభుత్వం గట్టు, నేను ఆక్రమించినదాన్ని. గట్టు దాటనివ్వకు అని ఆయన ఎందుకన్నాడో ఇప్పుడు బోధపడింది. ప్రేమా లేదు, దోమా లేదు. నా తల మీది కప్పు పోతుందని చెప్పబోయాడు. ఆ దిక్కుమాలిన దగ్గు అడ్డొచ్చింది, నేనేమో మమకారమని నీకు రాశాను.

అంతేకాదు. శ్లాబు ఇల్లు కావాలంటే సొంత స్థలం చూపించాలట. స్థలమున్నవాళ్లకే ఇల్లట. ఇన్నేళ్లు సోషల్ చెప్పావు, ఈ పాఠం ఏ తరగతిలో వస్తుందో నీకు తెలియదా?

దీపావళి లోపు ఖాళీ చేయమన్నాడు. ఇవాళ సంచులు సర్దుతుంటే నాకు భయం వేసింది హుస్సేనూ. ఉప్పెన రోజు కూడా ఇంత భయపడలేదు, అప్పుడు పక్కన ఆయన ఉన్నాడు.

అన్నట్టు, లంగరు ఎలా ఉంది? గాలీ వెలుతురూ బాగా తగులుతున్నాయా? చుక్కానికి మేడమెట్లు ఎక్కడం కష్టం కాలేదు కదా? అడిగానని చెప్పు.

ఖాదర్‌బీ


గుంటూరు,
2 నవంబరు 2000.

వదిన గారికి,

మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. మీ పరిస్థితిని అధ్యక్షుల వారి దృష్టికి తీసుకెళ్లాను. వారు 'అయ్యో' అన్నారు. ఆ మాట మినిట్స్‌లో రాయించాను.

సొంత స్థలం నిబంధన నాకు తెలియకపోలేదు. సడలింపు ఉంటుందని అనుకున్నాను.

ప్రారంభోత్సవం ఫిబ్రవరిలో పెట్టుకున్నాం. మీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. బస్సు చార్జీలు సమితి ఇస్తుంది. తప్పక రావాలి.

మీరా హుస్సేన్


వేటపాలెం,
ఫిబ్రవరి 20, 2001.

హుస్సేనూ,

చిరునామా మారింది, చూశావా? జీడిపప్పు ఫ్యాక్టరీ గోడౌను వసారాలో ఉంటున్నాను. పగలు పప్పు ఒలుస్తాను, చీకటి పడితే అక్కడే పడుకుంటాను. బసవమ్మ అనే మేస్త్రీ దయగలది. సీజను ఉన్నన్నాళ్లూ ఉండనిస్తానంది.

మీ ప్రారంభోత్సవం లాంటి ఉత్సవం నేను ఎక్కడా చూడలేదు. ముందు వరసలో నా కుర్చీలో ఎవరిదో హ్యాండ్‌బ్యాగు కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను, అక్కణ్ణుంచే అంతా బాగా కనబడింది.

చరిత్ర కళ్లకు కట్టాలని అంకమ్మరావు గారు తన గోడౌన్లోంచి మిరపకాయల టిక్కీ బస్తాలు తెప్పించి పడవ నిండా వేయించారు చూడు, అది మాత్రం గొప్ప ఆలోచన. మిట్టమధ్యాహ్నం, పైన రేకులు, లోపల కొత్త మిర్చి. ముఖ్య అతిథిగారు కత్తెర పట్టుకున్నారో లేదో ఎవరో తుమ్మారు. అపశకునమని ఆగారు, మంచినీళ్లు తెచ్చారు. తాగి మళ్లీ కత్తెర పట్టుకుంటే పురోహితుడే తుమ్మాడు. మళ్లీ మంచినీళ్లు. మూడోసారి సాక్షాత్తూ ముఖ్య అతిథిగారే. అలా నీళ్ల బిందె అయిపోయింది, ముహూర్తమూ దాటిపోయింది. రాహుకాలం వచ్చేస్తోందని నువ్వు గడియారం చూసుకుంటూ పరిగెత్తుతుంటే నాకు జాలేసింది. అందుకే వెనకనుంచి అరిచాను.

"బాబూ, ఆ పడవ తుమ్మితేనే కదుల్తుంది. కత్తిరించండి, శుభమే!"

జనం నవ్వారు. ఆయన గబుక్కున కత్తిరించేశాడు. మీ ఉత్సవాన్ని ఒడ్డున పడేసింది మీరు కొట్టేసిన ఆ తుమ్ములేనయ్యా, కార్యదర్శీ.

తర్వాత బోర్డు చదివాను. అంకమ్మరావు గారి తాత పేరు నాలుగుసార్లు ఉంది. మీ అన్న పేరు లేదు. కింద ఇలా ఉంది. 'ఈ అపురూప నౌకను ఒక కుటుంబం ఇరవై రెండేళ్లపాటు నివాసంగా దుర్వినియోగం చేయగా, సమితి దీనిని రక్షించినది.'

ఆ భాష నాకు తెలుసు. మా పెళ్లి శుభలేఖ రాసిన చెయ్యే. హుస్సేనూ, ఎండలో నిలబడి ఆ బోర్డు రెండుసార్లు చదివాను. నా కళ్లు మండింది మిరపకాయల ఘాటుకే అని నువ్వు అనుకుని ఉంటావు. కాదు. నువ్వు రాసిన దానికి.

ఖాదర్‌బీ


గుంటూరు,
6 ఏప్రిల్ 2001.

వదిన గారికి,

ఇది మూడో ఉత్తరం. మొదటి రెంటికీ జవాబు లేదు. 'నివాసంగా వినియోగించిన' అని నేను రాస్తే అధ్యక్షుల వారు 'దుర్' చేర్చారు. చేరుస్తుంటే నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేదు. మౌలాబీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

వేటపాలెం మనిషిని పంపించాను. జీడిపప్పు సీజను అయిపోయిందని, మీరు సంచులు తీసుకుని ఎటో వెళ్లారని బసవమ్మ చెప్పిందట. ఎక్కడున్నారు? కార్డు ముక్క అయినా రాయండి.

మీరా హుస్సేన్


అంకమ్మరావు గారి తోట, పడవలోంచి,
ఏప్రిల్ 19, 2001.

హుస్సేనూ,

నీ ఉత్తరాలు మూడూ బసవమ్మకి చేరాయి, బసవమ్మ నేనెక్కిన బస్సు కండక్టరుకి ఇచ్చింది, నేను దిగిన చోటు గుర్తుండి కండక్టరు నాకు ఇచ్చాడు. మీ ఇంటికి ఆరు మైళ్ల దూరంలో ఉన్నాను.

ఏం జరిగిందంటే, సీజను అయిపోయాక ఎటు పోవాలో తోచలేదు. ఒకసారి పడవని చూసి పోదామని బస్సు దిగాను. వాన మొదలైంది. తోటలో నరపురుగు లేదు. పడవ ఎక్కాను. టిక్కీలు లేవు, మిర్చి ధర పెరిగిందని ఉత్సవం మర్నాడే యార్డుకి పంపించేశారట. చాప పరచుకుని కూర్చున్నాను. తెల్లారింది. హుస్సేనూ, ఒక్క చుక్క కారలేదు! అంత మంచి కప్పు నా జన్మలో ఎరగను. మీ సమితి కొయ్య నరికినా సరే, కప్పు మాత్రం పకడ్బందీగా వేసింది. అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. పడవలో వంట చేయడానికి ఇసుక పెట్టె పొయ్యి ఎలా పెడతారో మీ అన్న చూపించాడు, అలాగే పెట్టుకున్నాను.

తోటమాలి మొదట అరిచాడు. బోర్డు చదవమన్నాను. 'ఆ కుటుంబం నేనేనయ్యా, లంగరూ గడలూ ఎలాగూ గుంటూరులో మేడ మీద ఉన్నాయి, చూసేవాళ్లకి నేనొక్కదాన్నైనా కనబడకపోతే ఏం బాగుంటుంది' అన్నాను. అతను తల గోక్కుని నీళ్ల కుండ తెచ్చిచ్చాడు.

బడి పిల్లలు వస్తున్నారు. తుమ్ముల సంగతి చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ కాస్త పెంచుతున్నాను, చరిత్ర అలాగే రాస్తారని నీ దగ్గరే నేర్చుకున్నాను. బయల్దేరేటప్పుడు పిల్లలంతా ఒక్కసారి తుమ్మి మరీ వెళ్తున్నారు.

నిన్న మీ అధ్యక్షుల వారు వచ్చారు. "ఇది పురాతన వస్తువమ్మా, ఇందులో ఉండకూడదు" అన్నారు. నేను ఆయనకి కొత్తదానిలా కనబడ్డానేమో. కార్యదర్శి చేత ఖాళీ చేయిస్తానని వెళ్లారు. కాబట్టి నువ్వు వస్తావని ఎదురు చూస్తున్నాను.

ఖాదర్‌బీ


గుంటూరు,
28 ఏప్రిల్ 2001.

వదినా,

నిన్న సమావేశం జరిగింది. నిన్ను ఖాళీ చేయించమని పోలీసులకు ఫిర్యాదు తయారుచేశారు. కార్యదర్శి సంతకం పెట్టాలి. పెన్ను నా ముందు పెట్టారు. నేను పెట్టలేదు. 'మీ వదిన కాబట్టా?' అని అంకమ్మరావు గారు అడిగారు. అవునన్నాను. కార్యదర్శి పదవి అక్కడే వదిలేసి వచ్చేశాను. బయటికొచ్చాక బజ్జీల కొట్టు దగ్గర కాసేపు కూర్చుని లేచాను.

నువ్వు మా ఇంటికి వచ్చెయ్యి. లంగరూ గడలూ మెట్ల కింద పెట్టించాను. పై గదులు రెండూ కడిగించాను. మౌలాబీ నీకోసం మంచం వేయించింది, నేను చెబితే కాదు, తనే. ఈ మాట ముందే అనాల్సింది. అద్దె పోతుందనుకున్నాను. వచ్చినదానివి ఇక ఎప్పటికీ ఉండిపోతావనీ అనుకున్నాను. ఉండిపో. వచ్చే ఆదివారం ఆటో తీసుకుని వస్తాను.

హుస్సేను


పడవలోంచి,
మే 5, 2001.

హుస్సేనూ,

ఆటో వద్దు. ఈ ఉత్తరం ఆదివారం లోపు అందేలా తోటమాలి చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ కథ మారింది. పేపరు వాళ్లొచ్చి నేను పడవలో పప్పు ఎనుపుతుంటే ఫొటో తీసుకుని వేశారు. మర్నాడు ఉదయం అంకమ్మరావు గారు పూలదండతో దిగారు. పడవలో పడవ మనిషిని ఉంచి చూపించాలన్నది మొదటినుంచీ తన ఆలోచనేనట. పేపరు వాళ్లకి అదే చెప్పారు. నేను కాదనలేదు. ఆలోచన ఆయనది, కప్పు నాది, నాకు బేరం కుదిరింది. బోర్డు మీద 'దుర్' మీద సున్నం పూయించారు. మీ అన్న పేరు నేనే బొగ్గుతో రాశాను, వాన తగలని చోటు కాబట్టి ఉంటుంది. పోలీసుల మాట ఎవరూ ఎత్తడం లేదు. నేను ఉన్నన్నాళ్లు ఇక్కడే ఉండమన్నారు, తోటమాలి ఎదుట ఆ మాట మూడుసార్లు అనిపించుకున్నాను.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. పడవలో ఎవరూ లేరు, హాయిగా ఏడ్చాను. సంతకం పెట్టనందుకు మీ అన్న ఉంటే నీ వీపు తట్టేవాడు. నేనూ తట్టాననుకో.

కానీ రాను హుస్సేనూ. కోపం వల్ల కాదు. గట్టు మీద టార్పాలిన్ కింద తడుస్తున్నప్పుడు నువ్వు ఈ మాట అని ఉంటే, గుంటూరు బస్సు పూర్తిగా ఆగకముందే దిగి పరిగెత్తుకొచ్చేదాన్ని. నీకు రాసిన ప్రతి ఉత్తరమూ మడిచేముందు, ఈసారి ఒక గది అడుగుదామా అనుకునేదాన్ని. అడుగుతానేమోనని నువ్వూ భయపడుతూనే చదివావు, అది నీ జవాబుల్లో నాకు తెలిసిపోయేది. అడిగితే లేదనవు, సమావేశంలో పెడతానంటావు. నా తల మీద కప్పు ఉండాలా వద్దా అని మా మరిది నలుగురినీ అడిగి చెప్పడం నేను భరించలేను. అందుకే ప్రతిసారీ ఎగతాళి రాసి పంపేశాను. నీకు నవ్వొచ్చే ఉంటుంది, నాకు మాత్రం ఒక్కసారీ రాలేదు.

మౌలాబీని తీసుకుని ఏదో ఒక పూట రా. పప్పుచారు పెడతాను. పడవకి తలుపు లేదు, బయట నిలబడి పిలవక్కర్లేదు.

మీ వదిన
ఖాదర్‌బీ